పోల్డి రాసిన ఖాళీ

“ఆ ఖాళీ ఎవరు రాశారమ్మా? నువ్వా, ఆయనా?”

1880 మార్చిలో ఒక మంగళవారం సాయంత్రం, వియన్నా నగరం వీడెన్ పేటలోని వాద్య సమాజం కార్యాలయంలో, సమాజం అధ్యక్షులు, ఆస్థాన సలహాదారు ఎడ్లింగర్ గారు అడిగిన ప్రశ్న ఇది. అడిగింది సంగీతానికి నకళ్లు రాసి బతికే లెయోపోల్డీన వాట్స్కాని. ఆయన అంటే స్వరకర్త గాట్‌హార్డ్ పెర్నావర్. ఖాళీ అంటే పెర్నావర్ సింఫనీ రెండో భాగంలో వాద్యాలన్నీ ఉప్పెనలా లేచి, శిఖరం అందుకోబోతూ ఉన్నట్టుండి నోరు మూసుకునే చోటు. ఆ నిశ్శబ్దం గురించి అప్పటికే రెండు పుస్తకాలు, బోలెడన్ని పత్రికా వ్యాసాలు వచ్చాయి. మానవాత్మ అగాధం అంచున నిలబడిందని ఒకాయన రాశాడు. మృత్యువు ఊపిరి బిగబట్టిందని ఇంకొకాయన రాశాడు. అసలు సంగతి తెలిసిన మనిషి ఆ బల్ల ముందు చేతిసంచి పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఇచ్చే జవాబు మీద సమాజంతో ఏడాదికి నాలుగు వందల ఎనభై గుల్డెన్ల ఒప్పందం వేలాడుతోంది. అది పోతే దుకాణం పోతుంది. విడిగా వచ్చే స్వరకర్తల్ని నమ్ముకుని వియన్నాలో ఎవరూ దుకాణం నడపలేరు. వాళ్లు చేతిమీద ముద్దు పెట్టి వెళ్లిపోతారు, డబ్బు మాత్రం పెట్టరు.

ఆమెను అందరూ పోల్డి అనేవారు. మొరావియాలో ఒక చిన్న ఊరి చర్చిలో గంటలు కొట్టే మనిషి కూతురు. ఆయన గంటలతో పాటు పాటల పుస్తకాలకు స్వరాలు రాసే గీతలు కూడా గీసేవాడు. ఐదు మొనల కలం ఒక్కసారి లాగితే ఐదు గీతలు పడతాయి. ఏడేళ్లకే ఆ కలం పోల్డి చేతికి వచ్చింది. ఇలాంటి మనుషుల గురించి రాసేటప్పుడు, సంగీతం మీద ప్రేమ పసితనంలోనే మొగ్గ తొడిగిందని రాయడం రివాజు. పోల్డికి ఏమీ తొడగలేదు. ఆమెకు గీతలు నచ్చాయి. తిన్నగా వస్తే ఎవరూ ఏమీ అనరు, వంకర పోతే నెత్తిన మొట్టికాయ. లోకంలో ఇంత తేటగా ఉండే పని ఆమెకు తర్వాత కూడా మరొకటి కనిపించలేదు.

ఇరవై ఒకటో ఏట వియన్నా వచ్చి, మరుసటి ఏడాది బస్సూన్ అనే పొడుగాటి ఊదుడు వాద్యం వాయించే వెన్జెల్ వాట్స్కాను పెళ్లాడింది. ఆ ఊళ్లో మొగుడి హోదాయే పెళ్లానికీ చెల్లుతుంది. డాక్టరు భార్య డాక్టరమ్మ, తపాలా అధికారి భార్య అధికారమ్మ. ఆ లెక్కన మాంసం కొట్టతను, పాలావిడ, ఇంటి కాపలాదారు అందరూ పోల్డిని “బస్సూనమ్మగారూ” అని పిలిచేవారు. పదేళ్ల కాపురం తర్వాత వెన్జెల్ ఒక జనవరిలో ఎవరిదో శవయాత్రకు వాయించి, మంచులో తడిసి, పది రోజుల్లో తన శవయాత్రకు సిద్ధమయ్యాడు. పోల్డి నెల రోజులు ఏడ్చింది. తర్వాత బస్సూన్ అమ్మేసి, ఆ డబ్బుతో మూడు బల్లలు, ఒక ఇనప పొయ్యి, రెండు రీముల కాగితం కొని నకళ్ల దుకాణం తెరిచింది. వెన్జెల్ పక్క కుర్చీలో ఇరవై ఏళ్లు వాయించిన ముసలి హావ్లిక్, ముందు పళ్లు ఊడి బస్సూన్ ఊదలేక, రెండో బల్ల దగ్గర వచ్చి కూర్చున్నాడు. పోల్డి ఆయన్ని బాబాయ్ అనేది. వినదలచుకోనిది ఆయనకు వినపడదు. మిగతాదంతా వినపడుతుంది.

నకలు పని చూడ్డానికి తేలిక. స్వరకర్త అన్ని వాద్యాలూ ఒకదాని కింద ఒకటి వేసి పెద్ద ప్రతి రాస్తాడు. అది కర్ర ఊపి అందర్నీ నడిపించే సారథి ముందు ఉంటుంది. వాయించేవాళ్లకు అంత పుస్తకం పనికిరాదు కాబట్టి ఎవరి వాద్యానిది వాళ్లకు విడి ప్రతి రాయాలి. వయొలిన్లు, చెల్లోలు లాంటి తంతివాద్యాల దగ్గర ఇద్దరికి ఒక ప్రతి. వీడెన్ సమాజానికి మొత్తం ముప్ఫై నాలుగు విడి ప్రతులు కావాలి. స్వరాలు చూసి రాయడం ఎవరైనా చేస్తారు. అసలు విద్యంతా పేజీ చివర ఉంది. వాయించేవాడికి ఉన్నవే రెండు చేతులు, రెండూ పనిలో ఉంటాయి. వాడికి కాస్త విరామం దొరికే చోటనే పేజీ పూర్తవ్వాలి. ఆ విరామం కోసం గడులు ఎక్కడ ఇరికించాలి, ఎక్కడ సాగదీయాలి అన్నది ముందే లెక్క కట్టుకోవాలి. గడి అంటే నిలువు గీతకూ నిలువు గీతకూ మధ్య ఉండే జాగా. మంచి నకలు రాసిందెవరో శ్రోతకు ఎప్పటికీ తెలియదు. చెడ్డ నకలు రాస్తే మాత్రం ముప్ఫై మంది ఒకేసారి తిడతారు.

1868 నవంబరులో, ఒక శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి పెర్నావర్ దుకాణంలోకి వచ్చాడు. ఆడపిల్లల బడిలో సంగీతం పాఠాలు చెప్పే మనిషి. పొడుగ్గా, సన్నగా, కోటు గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకుని ఉన్నాడు. తన సింఫనీని సారథి సెవెరిన్ గ్రాబ్‌మాయర్ చేత ఒప్పించడానికి ఆయనకు పదకొండేళ్లు పట్టింది. మర్నాడు పొద్దున సాధన, ఉన్నది అదొక్కటే. ఆదివారం మధ్యాహ్నం కచేరీ. విడి ప్రతులన్నీ ముందు వారమే సిద్ధమై బుట్టలో ఉన్నాయి.

“చిన్న మార్పు, ఫ్రావ్ వాట్స్కా. చాలా చిన్నది,” అన్నాడు.

“ఎంత చిన్నది?”

“రెండో భాగంలో పదహారు గడులు తీసేయండి. వాటి జాగాలో ఈ తొమ్మిది పెట్టండి. అంతే.”

“రేపు సాధన పెట్టుకునా?”

“ఆ పదహారు గడులూ నన్ను నిద్ర పోనివ్వట్లేదండీ.”

“మీరు నన్ను పోనివ్వట్లేదు. ఇలా ఇవ్వండి.”

పెర్నావర్ ఆమె చేతిని ముద్దు పెట్టుకుని, సారథి దగ్గరున్న పెద్ద ప్రతిలో కొత్త కాగితం తానే గుచ్చి వస్తానని చెప్పి, అట్నుంచటే మ్యోడ్లింగ్‌లో ఉన్న అక్కగారింటికి రైలెక్కుతానన్నాడు. సాధన ముందు రోజు ఊళ్లో ఉంటే ఆయనకు వాంతులవుతాయి. అది ఆయన చెప్పలేదు, అందరికీ తెలుసు.

ఆయన వెళ్లాక పోల్డి మొదటి వయొలిన్ ప్రతి తెరిచింది. తర్వాత రెండో వయొలిన్ది. తర్వాత చెల్లోది. కాఫీ చల్లారిపోయింది.

“ఏంటమ్మాయ్?” అన్నాడు హావ్లిక్.

“ఆయన కొట్టేసిన పదహారు గడుల్లో ఏముందో గుర్తుందా బాబాయ్? ఫ్లూటు ఒక్కటే పాడుతుంది. తంతివాద్యాలన్నీ చేతులు ముడుచుకుని కూర్చుంటాయి.”

“అవును. హాయైన చోటు.”

“హాయిగా ఉంది కదా అని అందరి పేజీలూ అక్కడే తిప్పించాను.”

హావ్లిక్ కలం కింద పెట్టాడు. ఉట్లన్నీ ఒకే తాడుకు కట్టకూడదని ఆ వృత్తిలో మొదటి నెలలోనే నేర్పుతారు. విరామం ఎంత పెద్దదైనా సరే, కొందరి పేజీ ముందు, కొందరిది వెనక తిరగాలి. పోల్డికి అది తెలుసు. తెలిసే, చలికాలం రోజుల్లో తొందరగా పని ముగుస్తుందని, సుఖం చూసుకుంది. ఇప్పుడు ఫ్లూటు పోయింది. దాని జాగాలో తొమ్మిది గడుల ఉప్పెన వచ్చింది. అందరూ ఒళ్లు మరచి వాయించాల్సిన చోట, సరిగ్గా ఒకే క్షణంలో, పదహారు స్టాండ్ల దగ్గర పదహారు మంది విల్లు వదిలేసి పేజీ తిప్పాలి. ఉప్పెన సగంలో సగం వాద్యాలు చచ్చి ఊరుకుంటాయి.

“తిరగ రాయాలి,” అన్నాడు హావ్లిక్.

“పదహారు ప్రతులు, మూడేసి పేజీలు. నలభై ఎనిమిది. నువ్వూ నేనూ కళ్లు పోయేలా రాసినా రేపటికి ఇరవై.”

“ఆయన్ని పిలిపించు.”

“మ్యోడ్లింగ్ నుంచా? వచ్చి ఏం చేస్తాడు, ఇంకో పదహారు కొట్టేస్తాడు.”

పోల్డి కాసేపు గోళ్లు కొరుక్కుంది. తర్వాత కత్తెర తీసి చీటీలు కత్తిరించడం మొదలుపెట్టింది. చీటీ మీద తొమ్మిది కొత్త గడులు. ఎనిమిదో గడికీ తొమ్మిదో గడికీ నడుమ, పేజీ సరిగ్గా అక్కడే తిరుగుతుంది కాబట్టి, ఆమె ఒక ఖాళీ గడి గీసింది. అందులో విరామం గుర్తు, దాని నెత్తిన చుక్క, చుక్క మీద గొడుగు. ఆ గొడుగు కనిపిస్తే అందరూ ఆగి సారథి చెయ్యి కదిలేదాకా చూడాలి. తంతివాద్యాలకే వేస్తే మిగతావి ముందుకు పోతాయి కనుక ముప్ఫై నాలుగింటికీ వేసింది.

హావ్లిక్ చూసి ముక్కున వేలేసుకున్నాడు. “పెద్ద ప్రతిలో లేనిది రాస్తున్నావే అమ్మాయ్. గుమాస్తా దస్తావేజులో సొంత వాక్యం చేర్చినట్టుంది.”

“స్వరం రాస్తే తప్పు. నేనేమైనా స్వరం రాశానా? ఏమీ లేకపోవడం రాశాను.”

“అది నాకు చెప్పకు, రేపు గ్రాబ్‌మాయర్‌కి చెప్పు.”

“సాధనకి ముందే చెప్తాను. దానికేముంది.”

చెప్పలేకపోయింది. పటిక వేసిన మైదా జిగురు నవంబరు చలికి ఒక పట్టాన ఆరదు. శనివారం పొద్దున ఇద్దరూ బట్టల బుట్టలో ప్రతులు మోసుకుని సభకు చేరేసరికి వాద్యకారులు కూర్చుని ఉన్నారు. పోల్డి పరుగున స్టాండ్ల మీద ప్రతులు సర్దుతుంటే గ్రాబ్‌మాయర్ అప్పటికే కర్ర ఎత్తి లోపలికి వచ్చాడు. ఆ మనిషి కర్ర ఎత్తాక ఎవరైనా మాట్లాడితే, మాట్లాడినవాళ్లు మళ్లీ ఆ గుమ్మం తొక్కరు. పోల్డి పెద్ద ఢంకాల వెనక నక్కింది. పెర్నావర్ వెనక వరసలో, టోపీ మోకాళ్ల మీద పెట్టుకుని, రైలు దిగిన మొహంతో కూర్చున్నాడు.

ఉప్పెన వచ్చింది. లేచింది. ఎనిమిదో గడి అయింది. గ్రాబ్‌మాయర్ కర్ర తొమ్మిదో గడి కోసం దబ్బున కిందికి దిగింది, ఒంటరిగా. వాద్యాలన్నీ ఆగిపోయాయి. నిశ్శబ్దంలో పదహారు పేజీలు గలగలమన్నాయి. యాభై జతల కళ్లు సారథి వైపు చూశాయి.

గ్రాబ్‌మాయర్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆయన ఏ పెద్ద ప్రతినీ ఇంటి దగ్గర తెరిచి చూడడు. ఆ సంగతి ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. కాబట్టి ఎదురుచూడనిది ఏది వచ్చినా, తాను రప్పించినట్టే నిలబడడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. దిగిన కర్రను నెమ్మదిగా, ఎంతో అర్థం ఉన్నట్టు, పైకి ఎత్తాడు. అలాగే పట్టుకున్నాడు. అందరి పేజీలూ తిరిగాయి. అప్పుడు కొట్టాడు. శిఖరం పిడుగులా పడింది. ఢంకాల వెనక పోల్డికి ఒళ్లు జలదరించింది. జలదరింపు సంగీతం వల్లనా, భయం వల్లనా అని ఆమె విచారించలేదు.

సాధన అయ్యాక పెర్నావర్ వేదిక దగ్గరకు వచ్చాడు.

“ఆ చోటు, హెర్ డైరెక్టర్,” అన్నాడు.

“అవును. ఆ చోటు,” అన్నాడు గ్రాబ్‌మాయర్, జాగ్రత్తగా.

“నేను ఊహించలేదండీ.”

“నేనూ అనుకోలేదు.”

“గొప్ప ఆలోచన.”

“అంతకన్నా ఏం చెప్తాం.”

ఇద్దరూ ఒకరికొకరు నడుం దాకా వంగారు. పెర్నావర్ అది సారథి పెత్తనం అనుకున్నాడు. పదకొండేళ్లు కాళ్లరిగేలా తిరిగి ఒప్పించిన మనిషిని, కచేరీకి ఒక రోజు ముందు, ఒక్క గడి కోసం కాదనగలడా? గ్రాబ్‌మాయర్ అది స్వరకర్త గుచ్చిన కాగితంలో తాను గమనించని సంగతి అనుకున్నాడు. పోల్డి ఢంకాల సందులోంచి చూసింది. ఇద్దరు పెద్దమనుషులు అంత చక్కగా వంగి ఉండగా మధ్యలో మూడో తల దూర్చడం బాగుండదని, ఖాళీ బుట్ట తీసుకుని ఇంటికి పోయింది.

ఆదివారం కచేరీలో ఆ నిశ్శబ్దానికి జనం నిజంగానే ఊపిరి బిగబట్టారు. మూడో వరసలో సలహాదారు ఎడ్లింగర్ గారు చేతిరుమాలు తీశారు. ఆయన భార్య పోయి అప్పటికి ఏడాది. సోమవారం పత్రికల్లో అగాధాలు, మృత్యువులు మొదలయ్యాయి.

తర్వాతి పన్నెండేళ్లను సంగీత చరిత్రకారులు ‘పరిణతి దశ’ అంటారు. పోల్డి వాటిని జిగురు ఏళ్లు అనేది. పెర్నావర్ ఆ సింఫనీని దిద్దడం మొదలుపెట్టాడు, దిద్దుతూనే ఉన్నాడు. 1871లో ఖాళీ గడిని తన పెద్ద ప్రతిలోకి దట్టమైన సిరాతో ఎక్కించుకున్నాడు. 1874లో దాన్ని రెండు గడులు చేశాడు. ఆ తర్వాత దాని జోలికి పోలేదు గానీ, దానికి ముందున్నదాన్నీ వెనకున్నదాన్నీ వదిలిపెట్టలేదు. మొదటి భాగం మూడుసార్లు మారింది. చివరి భాగానికి కొత్తగా మూడు బూరలు వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి. పోల్డి చీటీ మీద చీటీ అంటించింది. రెండో వయోలా ప్రతి స్టాండు మీద నిలబడనంత మందమైంది. వయోలా వాయించే అతను, “బస్సూనమ్మగారూ, ఇది వాయించేదా, కోసుకు తినేదా? ఆపిల్ ష్ట్రూడెల్‌కి కూడా ఇన్ని పొరలుండవు,” అన్నాడు. ఇంత దిద్దినా సింఫనీ బాగుపడిందని వాయించేవాళ్లలో ఎవరూ అనలేదు. పుస్తకాలు రాసేవాళ్లంతా అన్నారు.

1880లో ఒక ప్రచురణకర్త ఆ సింఫనీని అచ్చు వేయడానికి ఒప్పుకున్నాడు. అచ్చుకు శుభ్రమైన ప్రతి రాసే పని లోబిష్ అనే మరో నకలుదారుకి దొరికింది. లోబిష్ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. వాద్య సమాజం ఒప్పందం మీద ఆయనకు ఎనిమిదేళ్లుగా కన్ను. ఏదో అనుమానం తీర్చుకోవడానికి సమాజం బీరువాలోంచి 1868 నాటి పెద్ద ప్రతీ, విడి ప్రతులూ తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూశాడు. పెద్ద ప్రతిలో ఖాళీ గడి లేదు. ముప్ఫై నాలుగు విడి ప్రతుల్లో ఉంది. అన్నిట్లోనూ గొడుగు పోల్డి చేతిదే. నకలు రాసేవాళ్లకు ఇంతకు మించిన నేరం లేదు. లోబిష్ మరునాడే సమాజానికి ఉత్తరం పెట్టాడు. ఒప్పందం ఏటా తిరగరాసే రోజు మార్చిలోనే ఉంది. సంజాయిషీ అదే రోజు చెప్పమని పోల్డికి కబురొచ్చింది.

ముందు ఆదివారం పెర్నావర్ దుకాణానికి వచ్చాడు. చేతిలో అక్కగారు గుడ్డలో చుట్టి ఇచ్చిన గూగెల్‌హుప్ఫ్ కేకు. కబురు ఆయనకూ అందింది, కానీ ఖాళీ పెట్టిందెవరని మాత్రమే అందులో ఉంది.

“మంగళవారం మీరేం చెప్పబోతున్నారు, ఫ్రావ్ వాట్స్కా?”

“అడిగినదానికి జవాబు.”

“అంటే గ్రాబ్‌మాయర్ చెప్తే రాశానని.”

“ఆయనెందుకు చెప్తాడు? నేనే రాశాను.”

పెర్నావర్ దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడ్డాడు.

“లేవండి, లేవండి. రెండో వయొలిన్ మీద కూర్చున్నారు. ఇంకా తడి ఆరలేదు.”

ఆయన లేచాడు. పంట్లాం వెనక రెండు వరసల సంగీతం దిగింది. ఆయనకు ఆ ధ్యాస లేదు. “మీరా? గ్రాబ్‌మాయర్ కాదా?”

“ఆయనకి ఆ గడి ఉందని కర్ర దిగేదాకా తెలీదు. అందరి పేజీలూ ఒకేచోట తిరుగుతున్నాయి. మీరేమో ఫ్లూటు తీసేశారు. నేనేం చెయ్యను మరి? తిప్పుకోడానికి వ్యవధి ఇచ్చాను.”

“పేజీ తిప్పుకోడానికా?”

“పేజీ తిప్పుకోడానికే.”

రెండో బల్ల దగ్గర హావ్లిక్ ఏమీ వినపడనట్టు కలం చెక్కుతున్నాడు. పెర్నావర్ ముఖం మొదట ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది, ఆ తర్వాత ఆయన పోల్డి ఎన్నడూ చూడని పని చేశాడు. నవ్వాడు. పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వాడు.

“పన్నెండేళ్లండీ,” అన్నాడు తేరుకుని. “నా సింఫనీలో అందరికీ నచ్చే ఒకే ఒక్క చోటు ఆ గ్రాబ్‌మాయర్ది అనుకుని పన్నెండేళ్లు కుళ్లిపోయాను. మిగతాదంతా దానికన్నా బాగుండాలని దిద్దాను. మళ్లీ దిద్దాను. ఎవరైనా మెచ్చుకుంటే వాణ్ని మెచ్చుకున్నట్టుండేది. ఆయనది కాదన్నమాట.”

“కాదు.”

“అమ్మయ్య.”

“నాది అయితే పర్వాలేదా?”

“మీరు నకలు రాసే మనిషి కదండీ,” అన్నాడు పెర్నావర్ తేలికపడిన మనసుతో. అందులో ఎంత అవమానం ఉందో ఆయనకు తట్టలేదు. పోల్డి కూడా పట్టించుకోలేదు. కేకు కోసి మూడు ముక్కలు చేసింది. హావ్లిక్‌కి ఆ చప్పుడు మాత్రం బాగానే వినపడింది.

“మంగళవారం నేనూ వస్తాను. ఉన్నదున్నట్టు చెప్తాను,” అన్నాడు పెర్నావర్ వెళ్తూ.

పోల్డి ఆ రెండు రోజులూ ధైర్యంగా ఉందని చెప్పలేం. నిజం చెప్పాలని ఆమె అనుకున్నది గొప్ప నీతిమంతురాలు కావడం వల్ల కాదు. గొడుగు ఆమె చేతిది. లోబిష్‌కి తెలిసింది. అబద్ధం చెప్తే మర్నాటికి దొరికిపోతుంది. నిజం చెప్తే కనీసం గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు. సోమవారం మధ్యాహ్నం కూర్చుని, ఒప్పందం పోతే ఏ బల్ల ముందు అమ్మాలో ఆలోచించింది. హావ్లిక్‌ది అమ్మలేనని తేలింది.

అలా మంగళవారం ఆమె సలహాదారు ఎడ్లింగర్ గారి ముందు నిలబడింది. ఆయన అడిగారు. ఆమె చెప్పింది.

“నేనేనండీ. పేజీ తిప్పుకోవడానికి.”

గోడ దగ్గర లోబిష్ తల దించుకుని చిరునవ్వు దాచుకున్నాడు. పెర్నావర్ లేచాడు. “ఆవిడ చెప్పింది నిజం. అది ఆవిడ రాసిందే. నేను తర్వాత నా ప్రతిలోకి తీసుకున్నాను కాబట్టి అది తప్పు కిందికి రాదని మనవి.”

ఎడ్లింగర్ గారు కళ్లజోడు తీశారు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. “నేను పన్నెండేళ్లుగా ఆ చోట ఏడుస్తున్నాను, హెర్ పెర్నావర్. మా ఆవిడ గుర్తొస్తుంది. అంటే ఏంటి, ఎవరో కాగితం తిప్పుకుంటుంటే ఏడ్చానా?”

పోల్డికి ఆయన మీద జాలేసింది.

“ఏడుపు మీదేనండీ,” అంది. “కాగితం ఒక్కటే నాది.”

మాట బాగుంది. కానీ సభ్యులెవరికీ రుచించలేదు. ఒకరినొకరు చూసుకున్నారు. అన్ని వ్యాసాలు, అన్ని కన్నీళ్లు ఒక నకలు దుకాణం జిగురు గిన్నెలోంచి వచ్చాయంటే సమాజం పరువేం కావాలి? సరిగ్గా అప్పుడు, కిటికీ దగ్గర అంతదాకా నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు కూర్చున్న గ్రాబ్‌మాయర్ గొంతు సవరించుకున్నాడు.

“ఫ్రావ్ వాట్స్కా వినయం కొద్దీ అలా అంటున్నారు. ఆ నిశ్శబ్దం నా ఆదేశం.”

“సారథిగారూ, మీరు ఆరోజు నాతో మాట్లాడిందే లేదండీ,” అంది పోల్డి.

“మాటతో చెప్పలేదమ్మా. చూపుతో చెప్పాను.”

“నేను ఢంకాల వెనక ఉన్నాను.”

“ముందు రోజు చూశాను.”

“ముందు రోజు మీరు నన్ను చూడలేదు.”

“ప్రతులు అడగడానికి వస్తూ ఆ వారం వీధిలో మిమ్మల్ని దాటాను. అప్పుడు చూశాను.”

ఎడ్లింగర్ గారి ముఖంలోకి ప్రాణం వచ్చింది. సారథి ఆదేశమైతే అది కళ. కళ అయితే ఏడవచ్చు. సారథి ఆదేశం ప్రకారం రాస్తే నకలుదారు తప్పూ లేదు. గుమాస్తా మినిట్స్ పుస్తకంలో రాశాడు: ‘సదరు విరామం సారథిగారి మౌఖిక ఆదేశమునకు లోబడి, చూపు ద్వారా, చేర్చబడినది.’ పెర్నావర్ “ఇది అన్యాయం” అని లేచాడు. ఎడ్లింగర్ గారు కూర్చోమన్నారు. బీరువాలో కాగితాలు అనుమతి లేకుండా పోల్చినందుకు లోబిష్‌ని మందలించారు. ఒప్పందం బల్ల మీదికి వచ్చింది.

పోల్డి కలం అందుకునే ముందు ఒక్క క్షణం ఆగింది. నిజం ఇప్పటికి రెండుసార్లు చెప్పింది. వినడం వాళ్ల పని. మూడోసారి చెప్పడానికి ఆమె దగ్గర ఉన్నది పొగరు ఒక్కటే, దాని ఖరీదు నాలుగు వందల ఎనభై గుల్డెన్లు. సంతకం పెట్టేసింది. దారిలో హావ్లిక్‌కి ఇష్టమని మూడు జతల సాసేజీలు, ఘాటైన గుర్రపుముల్లంగి తురుము కొంది. ఇంటికొచ్చి జరిగింది చెప్తే, ‘చూపుతో చెప్పాను’ అన్న మాట దగ్గర ఆయన ముద్ద మింగలేక పొలమారి, వీపు మీద నాలుగు దెబ్బలు వేయించుకున్నాడు.

వారం తిరక్కుండా పెర్నావర్ మళ్లీ వచ్చాడు. ఈసారి గుండీలన్నీ సరిగ్గా ఉన్నాయి. కోపంగా ఉన్నప్పుడు ఆయన శుభ్రంగా ఉంటాడు.

“ఆ ఖాళీ తీసేయండి,” అన్నాడు.

“అది నాదని మీకు తెలుసు కదండీ.”

“నాకు తెలిస్తే చాలదు. పుస్తకంలో వాడిదని రాశారు. వాడి చూపు నా సింఫనీలో ఉండటానికి వీల్లేదు. అచ్చులో కూడా ఉండదు.”

“తీసేస్తే పేజీలు?”

“అది మీ పని.”

అది నిజంగానే ఆమె పని. పన్నెండేళ్ల కిందట సుఖం చూసుకుని ఎగ్గొట్టిన పని. ఈసారి పోల్డి ఏమీ ఎగ్గొట్టలేదు. పదహారు ప్రతుల్లో మూడేసి పేజీలు, నలభై ఎనిమిదీ కొత్త కాగితం మీద రాసింది. ఎవరి పేజీ ఎక్కడ తిరగాలో గోడ మీద బొగ్గుతో పట్టిక వేసుకుంది. మిగిలిన పద్దెనిమిది ప్రతుల్లో ఖాళీ మీద చీటీ అంటించి, దానికి కూలి లెక్క కట్టలేదు. మొదటి వయొలిన్లు రెండు గడులు ముందు తిప్పుతాయి, చెల్లోలు ఐదు గడులు వెనక. ఉప్పెన ఎక్కడా తెగదు. తన జీవితంలో అంత అందమైన నకలు మరోటి రాయలేదని తర్వాత ఆమే చెప్పుకుంది.

1881 జనవరిలో ఆ కొత్త రూపం వాయించారు. సాధన రోజు అంతా బాగానే జరిగింది. కచేరీలో ఉప్పెన లేచింది, ఎనిమిదో గడి అయింది, పన్నెండేళ్ల అలవాటు కొద్దీ గ్రాబ్‌మాయర్ కర్ర పైకి లేచి అక్కడే నిలబడిపోయింది. సారథి చెయ్యి ఆగితే ఆగిపోవడం యాభై మందికీ అలవాటే. కాగితం మీద ఏముందో ఎవరూ చూడలేదు. నిశ్శబ్దం వచ్చింది. తిప్పాల్సిన పేజీ లేదు కాబట్టి ఈసారి గలగల కూడా లేదు. ఎడ్లింగర్ గారు మూడో వరసలో తృప్తిగా ఏడ్చారు. వెనక వరసలో పెర్నావర్ లేచి నిలబడి, టోపీ నెత్తిన పెట్టుకుని, బయటికి వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర పోల్డిని చూసి, “ఇక నావల్ల కాదు,” అన్నాడు. దిద్దడం ఆ రోజుతో మానేశాడు. తర్వాత రెండో సింఫనీ రాశాడు, దాన్ని ఒక్కసారి కూడా దిద్దలేదు. ఆయనకది సుఖమైన కాలం.

అచ్చు ప్రతిలో ఆ ఖాళీ లేదు. వీడెన్‌లో మాత్రం ఎప్పుడు వాయించినా అక్కడ ఆగేవారు. రెంటికీ ఎందుకు తేడా వచ్చిందన్నది ఇప్పుడు ఒక పరిశోధన విషయం.

హావ్లిక్ 1886లో పోయాడు, పెర్నావర్ 1889లో. పోల్డి 1902 దాకా ఉంది. చివరి ఏడాది వరకూ ఐదు మొనల కలం వదల్లేదు, గీత వంకర పోలేదు. ఆ నలభై ఎనిమిది పేజీల కూలి, పేజీకి పన్నెండు క్రాయిట్సర్ల చొప్పున, పెర్నావర్‌ని అడిగితే సమాజం ఇవ్వాలన్నాడు. సమాజాన్ని అడిగితే, కచేరీలో ఏ మార్పూ వినపడలేదు కాబట్టి మార్పుకు చెల్లించాల్సింది ఏమీ లేదని కోశాధికారి రాతపూర్వకంగా జవాబిచ్చాడు. ఐదు గుల్డెన్ల డెబ్భై ఆరు క్రాయిట్సర్లు ఇప్పటికీ రావాలి.